ఏడు పీలికలు

బయల్దేరే ముందే కట్టేశాను
ఏడు చేతులకి ఏడు పీలికలు.
ఎవరిదో జాకెట్టు లైనింగులో మిగిలిన నారింజరంగు గుడ్డ.
గుంపులో ఎవరు తప్పినా రంగు చూసి పట్టుకోవచ్చని
మిషను తొక్కే బుర్రకి తట్టిన ఉపాయం.

కంచరపాలెం నుంచి ఒకే ఆటోలో
ఏడుగురూ, నేనూ, నీళ్ల సీసాలూ, పులిహోర డబ్బా.
మద్దిలపాలెం దాటకుండానే దానియేలు వాంతి చేసుకున్నాడు.
హనుమంతవాకలో సిగ్నలు పడితే
"వచ్చేసినామేటి పిన్నీ?" అని నలుగురు,
"ఆకలేస్తంది" అని ముగ్గురు.
డ్రైవరు అద్దంలోంచి చూసి
"అందరూ మీవోళ్లేనా అమ్మా?" అన్నాడు.
"ఇవాళ్టికి" అన్నాను.

ఆటో దిగేదాకా ఎనిమిదేళ్లున్న లోహిత
టిక్కెట్ల కిటికీ ముందు నాలుగేళ్లకి దిగిపోయింది.
వేలు కూడా నోట్లో పెట్టుకుంది.
నేను నేర్పలేదు, వాళ్లమ్మ నేర్పి పంపింది.

సింహాద్రికి ముందు సింహాన్ని చూడాలి,
తన పేరులో సగం అదే కదా.
అది మాకు వీపు పెట్టి పడుకుంది.
"నాను సింహాద్రిని!" అని అరిచాడు
జాలీ మీద రెండు చేతులూ వేసి.
దాని చెవి మీది ఈగ లేచింది.
సింహం లేవలేదు.

నీటిగుర్రం దగ్గర పెద్ద తగువు.
"గుర్రం ఏదే?"
"అదే."
"అది గుర్రమేటి, బండరాయి!"
బండరాయి నోరు తెరిచింది.
ఒక్క గెంతులో అందరూ నా చీర వెనకాలే.
అక్కడే తలలు లెక్కపెట్టాను.
ఎనిమిది.

తలలొదిలి చేతులు లెక్కపెట్టాను.
పీలిక లేని చెయ్యి ఒకటి
మస్తానీ చేతిలో ఉంది, ఎప్పట్నుంచో.
నాలుగేళ్లుంటాయేమో, ఒక కాలికే చెప్పు.
"ఎవరి అబ్బాయివి నాన్నా? పేరేంటి?"
కటకటాల ఇవతలికి వచ్చేసిన జంతువుని చూసినట్టు
నన్నే చూశాడు.
"ఆడికి పేరు లేదు పిన్నీ,
మనమే ఒకటి ఎట్టేద్దాం" అంది మస్తానీ.

మైకున్న ఆఫీసు ఆ చివరెక్కడో ఉందన్నారు.
నడిచాం.
జిరాఫీ దగ్గర ఆగాం, మెడ మొత్తం చూడ్డానికి టైము పట్టింది.
కుళాయి దగ్గర ఆగాం.
కంబాలకొండ మీద ఎండ తెల్లగా కాగుతోంది.
పులి బోను ముందూ ఆగాం, పులి ఎక్కడో నీడకి పోయింది,
నీళ్ల తొట్టి మాత్రం కనిపించింది.
ఇంక నావల్ల కాక ఒక చెట్టు కింద కూలబడి డబ్బా మూత తీశాను.

వాడే ముందు తొంగిచూశాడు.
వేలితో పోపుగింజలు పక్కకి జరిపి
ఆ పూట మొదటి మాట మాట్లాడాడు:
"ఇందులో పులి ఏదీ?"

పిల్లలు నవ్విన నవ్వుకి
పక్క బోనులో కోతులు గోక్కోడం ఆపేశాయి.

అప్పుడే వచ్చింది ఓ ముసలమ్మ,
జుట్టు ఊడి, చెంగు జారి,
చేతిలో రెండో చెప్పుతో పరిగెత్తుకుంటూ.
వాడి వీపు మీద ఒక్కటిచ్చింది,
ఆ చేత్తోనే గుండెకి అదుముకుంది.
నాకేసి దొంగని చూసినట్టు చూసింది.
వాడి గెడ్డానికంటుకున్న పసుపు మెతుకు చూసింది.
ఇంకేమీ అనలేదు.
పేరు పెట్టి పిలిచింది కానీ
ఆవిడ ఏడుపులో మాకది సరిగ్గా వినపడలేదు.

తిరుగు ఆటోలో
ఒకరి మీద ఒకరు వాలిపోయారు, సంతలో బస్తాల్లా.
సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలైంది.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
తలలు ఏడు, సరిపోయాయి.
పీలికలు ఆరు.

"నీదేదే మస్తానీ?"
"ఆడికి కట్టేసినాను."
"ఎందుకే?"
కళ్లు తెరవకుండానే చెప్పింది:
"మళ్లీ తప్పిపోతే
మన గుడ్డని సూసి మనకే తెచ్చి ఇచ్చెత్తారు కదా."

నా దగ్గర జవాబు లేదు.
సింహాద్రి నిద్దట్లో గుర్రు పెట్టాడు.
ఎవరూ భయపడలేదు.