జాజుచుక్క

మిర్యాలగూడ మిల్లుల గేటుపాసుకు
నేను రాసిన కట్టడి ఇంతే:
కాయితం మారితే సారుకు పంపు.
పది టన్నుల లోపైతే
ఆయన్ని లేపకుండనే సరే అను.

సరే అన్నది.
అన్నందుకు కాయితం మారింది.
మారింది గనుక మళ్లీ పంపింది, మళ్లీ సరే అన్నది.
తెల్లారి జలంధర్ రెడ్డి సారు ఫోన్ల
నాలుగు వందల పన్నెండు సరేలు.
లారీ ఒక్కటే. అది కదల్లేదు.
డ్రైవరు టైరుకానుకొని బీడీ మీద బీడీ.

తప్పు దొరకక గోదాంలకు పోయిన.
సైదమ్మ బస్తాలు లెక్కవెడుతుంది,
అయిపోయిన బస్తా చెవికల్లా
వేలితో ఒక జాజుచుక్క.
"అది పెట్టకుంటే?"
"ఏమున్నది బిడ్డా, పొద్దుగూకేదాక
లెక్కవెట్టిందే లెక్కవెడుత.
కూలి మాత్రం ఒక్కదినానిదే."

ఒక గడి పెంచిన. చుక్క ఉంటే ఆగు.
గడికి పేరేందని కంప్యూటర్ అడిగితే
జాజు అని కొట్టిన.
తొమ్మిదిన్నరకు లారీ వాడపల్లి తొవ్వ పట్టింది.

రాత్రి పండుకున్నంక
సారు అన్న మాట మొదలైంది,
అయిపోయింది, మళ్లీ మొదలైంది.
లేచి నీళ్లు తాగిన.
వేలికి ఇంకా కొంచెం ఎరుపు.