ఎర్రదే గానీ చందనం కాదు

వారానికి ఆరు రోజులు ఘాట్‌ రోడ్డును
ఈ రెండు చేతుల్తో తిప్పుతాను.
ఏడో రోజు సాయంత్రం, మంగళం దాటి,
అమ్ముడుపోని ప్లాట్ల వెనక గుట్టకి పోతాను.
ఆడ స్టీరింగు ఉండదు. ఒక ప్లేటు, అంతే,
అన్నం తినేది కాదు, విసిరేది.

తొమ్మిది బుట్టలు.
అన్నీ చెంగల్రాయులు వెల్డింగ్‌ షాపులో పుట్టినవే.
పైన సైకిల్‌ రిమ్ము, దానికి వేలాడే పాత చైన్లు,
కింద చికెన్‌ కొట్టోడు పారేసిన ఇనప జల్లెడ.
ప్లేటు పొయ్యి తగిలితే
గంట మోగినట్టేమీ ఉండదు,
రాత్రి షట్టరు దించినట్టుంటుంది.
ఆ చప్పుడు కోసమే
వారమంతా హారన్ల నడుమ చెవులు దాచిపెట్టుకుంటాను.

మొదటి బుట్ట పద్నాలుగో ప్లాటు హద్దురాయి పక్కన.
రెండోది నిరుడుదాకా ఖాళీజాగా, ఇప్పుడు ఎవరిదో పునాది,
బేల్దారి మేస్త్రిని అడిగి ఇసక కుప్ప మీదనుంచి ఆడతాం.
మూడోది ఎక్కుడు. బోదగడ్డి, జారే గులకరాయి,
మోకాలు ముందుగా లెక్క చెప్తుంది.

షంషాద్‌ మాత్రం నిలబడినచోటినుంచే విసురుతుంది.
కొరియర్‌ గోడౌన్లో పార్సెళ్ళు విసిరి విసిరి
మణికట్టు పదునెక్కిన పిల్ల.
"నువ్వు చెయ్యి తిప్పుతా ఉండావు మామా,
నడుము తిప్పు" అంటుంది.
ముప్పై ఏండ్ల సర్వీసులో
నా డ్రైవింగుకి పేరు పెట్టినోడు లేడు.

నాలుగోది దిగుడు.
ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగమని నేర్పినారు నాకు.
ప్లేటుకి గేర్లు లేవు.
కొండమీదినుంచి గాలి దిగే యాళ,
విసిరింది విసిరినట్టే నిలబడి,
నిలబడి,
ఇంక పడదేమో అనిపించి,
ఊపు చచ్చినాక ఎడమకి వాలుతుంది.
ఆ ఎడమనే ఫారెస్టోళ్ళ కంచె.

దొరసామి ప్లేటు ఆ కంచె దాటింది.
కొత్తది, ఎర్రది, ఆరొందలు పెట్టి తెప్పించుకున్నది.
మేం వద్దంటానే ఉండాం, ఆయన దూకినాడు.
కలేకాయ ముళ్ళల్లో వెతికి వెతికి
మసక చీకట్లో బయటికొస్తా ఉంటే
టార్చిలైటు.

"యాడికిరా? ఏం మోసుకొస్తా ఉండావు?
చేతులు పైకెత్తు!"

ఎత్తినాడు.
ఒక చేతిలో ఎర్రగా ప్లేటు.
"ఎర్రదే గానీ సామీ, చందనం కాదు."

నవ్వే ముందు అందరం ఒక గుటక మింగినాం.
ఈ కొండల్లో అట్లా చేతులెత్తినోళ్ళందరికీ
నవ్వే వంతు రాలేదు.

వాచరు ఎత్తిరాజులు ప్లేటు చేతికి తీసుకున్నాడు.
తిప్పి చూసినాడు. గోటితో గీకినాడు.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసినాడు.
"దీన్ని ఏం చేస్తారు?"
"విసురుతాం."
"విసిరి?"
"పొయ్యి తెచ్చుకుంటాం."
"మళ్ళా?"
"మళ్ళా విసురుతాం. తక్కువ సార్లు విసిరినోడే గెలిచినట్టు."
"అట్లయితే ఇంట్లోనే కూచుంటే గెలిచినట్టే గదా!"
దానికి మా ముగ్గురి దగ్గరా జవాబు లేదు.

లాఠీ చంకలో పెట్టుకుని ఆయనే ఒకసారి విసిరినాడు.
పడమట గాలిగోపురం దీపాలు అప్పుడే వెలిగినాయి.
ప్లేటు ఆ దీపాల వరసకి అడ్డంగా పొయ్యి
ఎడమకి వాలి
మళ్ళా కంచె లోపలే పడింది.
"ఉండండి, ఉండండి" అని
బూట్లతో ముళ్ళల్లోకి పరిగెత్తినాడు ఎత్తిరాజులు,
ఆయన అడివి, ఆయన్ని ఆపేదెవరు?

తక్కిన అయిదు బుట్టలూ చీకట్లో కలిసిపోయినాయి.

తెల్లారి మొదటి ట్రిప్పు.
వెనక సీట్లో ఎవరో నిమ్మకాయ వాసన చూసుకుంటా ఉండారు.
వంపు తిరగంగానే కింద ఊరంతా పరుచుకుంది,
మా గుట్ట యాడుందో వెతికేంత టైము రోడ్డు ఇయ్యలేదు.
నడుము తిప్పమంది గదా షంషాద్‌,
సీట్లోనే కొంచెం తిప్పి చూసుకున్నాను.

నాలుగో బుట్టకి నాకు ఏడు పడినాయి.
డిపోలో ఎవురికీ చెప్పలేదు.