లైన్లో ఉండండి

ఫిషింగ్ హార్బర్ గేటు దాటాక ఎడం చేతి వైపు
ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు.
గోడకి పాత ఫోను పెట్టె,
దాని మీద దసరా నాటి పసుపు బొట్టు.
కింద ఇరవై ఆరేళ్లుగా ఒకే కుర్చీ,
కుర్చీలో గనగళ్ల నూకరత్నం.

గాజువాక నుంచి బండి మీద తెచ్చాను
ఒక రౌటరు, ఎనిమిది కొత్త ఫోన్లు, నీలం తీగ చుట్ట.
"ఇకనుంచి మాట ఇంటర్నెట్‌లో పోతుందమ్మా" అన్నాను.
"ఎలాగ పోద్ది? కూకుని సెప్పు" అంది.

ట్రైనింగులో గీసిన బొమ్మలేవీ గుర్తు రాలేదు.
కిటికీలోంచి జెట్టీ కనబడితే అదే చూపించాను.

నువ్వు హలో అంటావు.
యంత్రం దాన్ని కోస్తుంది, సెకనుకి యాభై ముక్కలు.
ప్రతి ముక్కకీ ఒక నంబరు, చేరాల్సిన చోటు.
ఒకటి చెన్నై మీంచి, ఇంకోటి హైదరాబాదు మీంచి,
ఒకే రేవులో బయల్దేరిన బోట్లే,
ఒకదాని జాడ ఒకదానికి తెలీదు.
అవతలి ఒడ్డున ఒకడు నిలబడి వరస చూసి పేరుస్తాడు.
వెనకబడిన వాటి కోసం ఆగుతాడు,
రెప్పపాటు కూడా కాదు.
మరీ ఆలస్యమైతే వదిలేస్తాడు.

"వదిలీడవేటి?"
ఆ ఒక్క మాటే గట్టిగా అంది.
లోపల ఎక్కడో ఐసు దిమ్మ జారిన చప్పుడు.
(ఆమె మరిది బోటు సంగతి
నాకు తర్వాత టీ కొట్టు దగ్గర తెలిసింది.)
"ఆ ఖాళీని పక్క ముక్కతో నింపుతాడమ్మా, చెవికి తెలీదు."
"తెలుస్తాది" అంది.

ఇంకోటి కూడా చెప్పాను, మాట మార్చడానికి.
ఎవరూ మాట్లాడనప్పుడు ఈ లైను ఉత్త నిశ్శబ్దం.
జనం తెగిపోయిందనుకుంటారని
యంత్రమే సన్నగా ఒక హోరు కల్పిస్తుంది.
ఆమె సముద్రం వైపు గడ్డం ఎత్తి నవ్వింది.
"దానికి యంతరం ఎందుకు, కిటికీ తీసి ఒగ్గితే సాలదా?"

"మరి కరెంటు పోతే?"
ఇది మాత్రం సరైన ప్రశ్న.
పాత రాగి తీగ తన కరెంటు తానే తెచ్చుకునేది,
ఊరంతా చీకటైనా ఎక్స్ఛేంజి బ్యాటరీ మీద మోగేది.
ఇది మోగాలంటే రౌటరు బతకాలి,
రౌటరు బతకాలంటే బల్ల కింద యూపీఎస్ బతకాలి.
గాలివాన రోజున రెండు గంటలు, అంతే.
బిల్లు సగమవుతుందని,
భీమిలి గోడౌనుకీ ఇదే నంబరని,
ఓనరు మధురవాడలో మంచం మీంచే ఎత్తొచ్చని చెప్పాను.
ఆమె రెండు గంటల దగ్గరే ఆగిపోయింది.

ప్యాకేజీలో గొంతుకి వేరే డబ్బులు.
"మన రత్నం చేత చెప్పించెయ్" అన్నాడు ఓనరు.
ఐసుకి ఒకటి, డీజిలుకి రెండు, లెక్కలకి మూడు.
నాలుగుసార్లు చదివించాను.
మూడోసారి వెనక వేలం పాట వినిపిస్తోంది,
అదే బాగుంది, అదే ఉంచాను.

మర్నాడు తెల్లారగట్ల నాలుగింటికి మొదటి ఫోను.
పక్కన నిలబడి స్పీకర్లో విన్నాం.
"అత్తా, నేను ఎర్రన్నని. నలభై దిమ్మలు ఒగ్గు,
గంటలో ఒడ్డుకొచ్చేస్తాం."
"ఐసు కావాలంటే ఒకటి నొక్కండి."
"ఐసే కదే అడుగుతున్నాను?"
"మీరు ఏమీ నొక్కలేదు."
"ఏటైంది అత్తా నీకు? ఒంట్లో బాలేదా?"

రాంగ్ నంబరు వాడికి కూడా
దారి చెప్పి పెట్టే మనిషి
తన గొంతు కేసి తనే చూస్తూ ఉండిపోయింది.
తర్వాత నన్ను పక్కకి నెట్టి ఫోను ఎత్తింది.
"నలభై సాల్తాయేట్రా? ఎండ సూసేవా?"

లాప్‌టాప్ తెరిచి ఒక్క లైను మార్చాను.
ఏమీ నొక్కకపోతే, మూడు సెకన్ల తర్వాత,
నూట ఒకటికి పంపు.
నూట ఒకటి ఆ కుర్చీ.
ఓనరుకి ఇచ్చిన కాగితంలో
ఆ ముక్క రాయలేదు.