తోమని గిన్నెలు

ఎర్రగుంట్లలో మా పెరటికి గోడ లేదు.
ఒక నాపరాయి ఉండేది.
పాలిష్ ఫ్యాక్టరీలో మూల విరిగి, పనికిరాదని పారేసిన బండను
మా యమ్మ దీవెనమ్మ నెత్తిన మోసుకొచ్చి
బోరింగు పక్కన పరిచింది.
గిన్నెలు దాని మీదనే తోమేవాళ్లం.

ఓబులమ్మ మా ఇంటికొచ్చిన రాత్రి
ఎవరూ చెప్పకుండానే ఆ బండ ముందు కూర్చుంది.
తొమ్మిదేళ్ల పిల్ల.
గనిలో వాళ్ల నాయన మీద రాయి జారి
అప్పటికి పదహారు దినాలు.
బూడిద, పీచు, చిన్న చేతులు.
సంగటి తపేలా అడుగున మొన్నటి మాడును కూడా వదల్లేదు.

ప్రతి రాత్రీ అంతే.
ఎంత తిన్నదో అంతసేపు తోమేది.
ఒక ముద్ద ఎక్కువ తిన్న రోజు
వాకిలి కూడా ఊడ్చేది.
నాకు బాగుండేది, లెక్క సరిపోయిందని.
నేనూ లెక్కలవాణ్ణే గదా.
సండే స్కూలు మానని వారాలకు
బైబిలు అట్ట లోపల గీతలు పెట్టుకున్నవాణ్ణి.

ఆ గీతలు చూసి అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు.
మూడు పూటల కూలి పోగొట్టుకొని
మండలాఫీసు చుట్టూ తిరిగి
రేషన్ కార్డులో ఒక పేరు ఎక్కించింది:
ఓబులమ్మ. కూతురు.
సంఘం పెద్దలు పేరు మార్చమన్నారు.
"పిలిస్తే పలుకుతాంది గదయ్యా, ఇంకేం పేరు" అనింది.
కార్డు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.
"ఇదో సూడమ్మి, నీ పేరు ఈడుండాది.
నువ్వు తోమినా ఉంటాది, తోమకున్నా ఉంటాది."
ఓబులమ్మ తల ఊపింది.
ఆ రాత్రి ఇంకా గట్టిగా తోమింది.

నమ్మడానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

పీర్ల పండగ సెలవు అనుకుంటా.
అమ్మ షిఫ్టు దిగి వచ్చింది, కనురెప్పల మీద తెల్ల దుమ్ము.
"అమ్మీ, గిన్నెలట్నే ఉండాయే?"
ఓబులమ్మ మంచం మీద నుంచి కదల్లేదు.
"నేన్ తోమను పో."

ఇప్పుడు పడుతుంది దెబ్బ అనుకున్నా.
అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నవ్వు.
నవ్వి నవ్వి గడప మీద కూలబడింది.
దుమ్ములో రెండు చారలు దిగినాయి.
"వచ్చినాదిరా తిమోతీ!
పిల్ల ఇప్పటికి ఇంటికొచ్చినాది."

నాకు కోపమొచ్చింది.
నేనెన్నడూ ఎదురు చెప్పలేదు,
నాకోసం ఎప్పుడన్నా అట్లా నవ్విందా?
ఆ రాత్రి గిన్నెలన్నీ నేనే తోమినా,
చప్పుడయ్యేట్టు, అమ్మకు వినబడేట్టు.
లోపల్నుంచి అమ్మ అనింది:
"ఎవరికి కడతాండావురా బాడుగ?"

ఓబులమ్మ అట్లాగే ఉండిపోలేదు, అదీ చెప్పాల.
వారం బద్ధకించింది. అమ్మ కసిరింది కూడా,
"కార్డులో పేరుండాదని కడవలో నాచు పట్టిస్తావా?"
ఇద్దరూ మూతులు ముడుచుకొని
ఒకే పళ్లెంలో తిన్నారు.

అమ్మ బొటనవేలు రంపం కింద నలిగిన రాత్రి
మెలకువొచ్చి చూస్తే
బండ దగ్గర బుడ్డి దీపం.
అవే చేతులు, అదే బూడిద.
చప్పుడు మాత్రం లేదు.
అమ్మకు నిద్ర చెడకుండా
గిన్నెకు గిన్నె తగలనీయకుండా కడుగుతాంది.
మధ్యలో ఆపి ఆవలించింది,
ఆకాశం చూసింది, మళ్లీ కడిగింది.
ఒక గిన్నె మర్చిపోయి వచ్చి పడుకుంది.

ఇప్పుడు నేను ముద్దనూరులో వాక్యం చెబుతాను.
"కృపే చాలంటివి, మరి క్రియలెందుకయ్యా"
అని ఎవరో ఒకరు అడుగుతారు.
చదివిన జవాబులు నాలుగున్నాయి, చెబుతాను.
చెబుతున్నంతసేపూ
బండ మీద మర్చిపోయిన ఆ గిన్నె
మంచుకు తడుస్తూ కనిపిస్తుంది.

బైబిలు అట్ట లోపల గీతలింకా ఉన్నాయి.
అప్పుడప్పుడు ఇంకొకటి గీయబోతాను.
వేలు ఆగుతుంది.
ఒక్కోసారి ఆగదు.