మూడు నిమిషాలు

జహ్రాలో స్టూడియో. ఏసీ చలికి
ఉన్ని కూడా ముడుచుకుంటది.
ఉమ్ ముత్లక్ నేలమీద కూసొని నేసిన సదూ పట్టీని
షేఖా స్కానర్ కింద పరిచింది.
తెర మీద ఒంటె
గళ్లు గళ్లుగా విడిపోయి నిలబడ్డది.
ఒక్కో గడికి ఒక్కో పోగు.

చీపురు పట్టుకొని చూస్తున్న.
మా పుట్టపాకల గిదే లెక్క:
ఆసు పోసి, చిటికి కట్టి,
ఏ పోగు ఏడ ఎర్రబడాల్నో ముందే ఎరుక.
మా నూనె రుమాళ్లు ఒకప్పుడు
ఈ ఎడారి తలలకే చుట్టుకున్నయని
తాత చెప్పేటోడు, నేను నమ్మకపోదు.

ఒకకాడ గీత వంకర.
సాఫ్ట్‌వేర్ సాపు చేయబోయింది.
ముసలమ్మ దాని మీద వేలు పెట్టి
"ఆ రోజు గాలి" అన్నది.
షేఖా వంకరను ఉండనిచ్చింది.

రాత్రి మగ్గం ఆగింది.
పడుగుల పోగు తెగింది, ఇంజనీరు ఫోనెత్తలే.
బుఖూర్ గిన్నెల బూడిద
చిటికెడు వేళ్లకు రాసుకొని
రెండు కొసలు మెలేసిన.
నడిచింది.

ప్రదర్శన గోడ మీద చానా పేర్లున్నయి.
అండాలు అని ఎవరు రాస్తరు,
నేనూ ఎతకలే.
మిషిన్ చిట్టాల మాత్రం
రెండూ పదకొండుకు ఒక ఎర్రగీత:
ఆగింది మూడు నిమిషాలు.
కారణం తెలియదు.