తక్‌పట్టీ ఎనుక

పొద్దుగాల లేద్దామంటె
కాళ్లు మంచం మీదనే మిగిలినయ్.
చీమ పాకితె తెలుస్తున్నది, గిచ్చితె నొస్తున్నది,
లెవ్వమంటె మాత్రం వింటలేవు.

నిన్న బాదేపల్లి యార్డుల
మక్కల లారీ నింపిన కాళ్లు ఇవి.
రాత్రి సడ్డకునింట్ల దావత్,
బగారన్నం మూడుమార్లు పెట్టిచ్చుకున్న,
పైకెంచి డబుల్‌కా మీఠా.
తిని పండుకున్న. గంతే.

"బాణామతి" అన్నది మా వొదినె.
నిమ్మకాయకొకరు, బొగ్గుకొకరు ఉరికిన్రు.
మణెమ్మ ఎవ్వర్నీ అడగలె.
ట్రాలీ ఆటోల గోనెసంచులు పరిచి
నన్ను ఎత్తిచ్చింది.
మోసేటోడెట్ల రొప్పుతడో
బస్తాకు ఇనవడతదని ఆ పొద్దు తెలిసింది.

పాలమూరు పెద్దాసుపత్రిల
సిస్టర్ సువార్తమ్మ నా నెత్తురు కాంటాకు పంపింది.
"పొటాషియం మూడున్నరన్న ఉండాలె,
నీకు రెండు పాయింట్ ఒకటి. తరుగు వడ్డది."
తరుగంటె నాకు తెల్వదా?
"ఎవడు దీసిండు?" అన్న.
"ఎవడూ దియ్యలె. నెత్తుట్లకెంచి
నీ కండలల్లకే పోయి దాసుకున్నది."

నా అంగీ జేబుల తక్‌పట్టీ గుంజి
ఎనుక దిక్కు గీసింది:
కండకు ఒక పొర, ఉల్లిపొట్టు కన్న పల్సన.
పొరకు గేట్లు. బయట సోడియం కాసుకోని ఉంటది.
"నరం కొసకెంచి ఒక రసం సుక్క రాల్తది, గదే చిట్టీ.
చిట్టీ అందితె గేట్లు దెరుసుకోవాలె,
సోడియం లోపటికి ఉరకాలె,
గప్పుడే కండ గుంజుకుంటది.
నీ నరం చిట్టీలు పంపుతనే ఉన్నదయ్యా.
గేట్లే బిగుసుకపోయినయ్."

మా సమ్మె యాదికొచ్చింది.
చిట్టీలు పట్టుకోని లారీలోళ్లు మొత్తుకుంటుంటె
మేము లోపట బీడీలు తాగుకుంట కూసున్నం.
మమ్మల్నన్న ఎనిమిదో నాడు పిల్సి అడిగిన్రు, ఏం గావాలె అని.
వీటిని నేను అడిగిన్నా ఎన్నడన్న?

సిరప్ పోసిన్రు.
ఉప్పు. ఉప్పెనుక చేదు.
ఎదకు వైర్లు అతికిచ్చుకుంట
"గుండె సుత కండనే" అన్నది సువార్తమ్మ,
మణెమ్మ దిక్కు సూడకుండ.

దీపాల యాళ్లకు
ఎడమకాలి బొటనేలు కదిలింది.
ముందు సూసింది మణెమ్మనే.
కేకెయ్యలె. మక్కగింజ తేమ సూసినట్టు
రెండేళ్ల నడుమ పట్టుకోని
అట్లనే కూసున్నది.

తక్‌పట్టీ దిండు కింద ఉన్నది.
ముందు దిక్కు, నిన్నటి హమాలీ లెక్క
సేటు ఇంక కట్టలె.