పచ్చి రంగు

నా అక్షరాలు బడిల పుట్టలే.
చాదర్‌ఘాట్ వంతెన పక్కన
నాయిన రాసే బోర్డుల మీద పుట్టినయి.
ముందుగాల సుద్దముక్కతోటి గీత,
దాని మీద పసుపు, ఆఖరికి నల్లటి నీడ.
అక్షరానికి నీడ ఉంటదని
నాలుగేండ్లప్పుడే తెల్సింది నాకు.

"బస్సుల పోయేటోనికి కనబడాలె బిడ్డా" అనేటోడు నాయిన.
"చివరి కుర్చీకి వినబడాలె" అనేది అమ్మ.
నాటకాలల్ల ఎప్పుడూ మూడో చెలికత్తె,
ఉన్నయే రెండు మాటలు,
వాటికోసం వారం రోజులు
బియ్యం ఏరుకుంట సాధకం.

తాత బాగుచేస్తే ఎవ్వరూ తీస్కపోని
హార్మోనియం పెట్టె మీద నా హోంవర్కు.
కరెంటు బిల్లుల వెనక నా కవితలు.
అన్నంల గూడ టర్పెంటైన్ వాసన.
పన్నెండేండ్లకే తీర్పు చెప్పిన:
ఈ ఇంట్ల కళ ఉన్నది గని
కోపం లేదని.

పదిహేడో ఏట, వానలు వెనకవట్టిన నెలల
మూసీ ఒడ్డున మా గల్లీకి సార్లు వచ్చిన్రు.
కూలగొట్టే ఇండ్లకు ఎర్ర నంబర్లెయ్యాలె,
రోజుకు ఎనిమిది వందలు, పెయింటర్ కావాలె.
నాయిన బ్రష్షు తీస్కొని పోయిండు.

ఆ రాత్రి ఆయనతోని మాట్లాడలే.
అంజుమ్ ఆపా తలుపు మీద నలభై ఒకటి.
పూలమ్మే కిష్టవ్వ తలుపు మీద నలభై రెండు.
మా తలుపు మీద నలభై మూడు,
ఎంత ముద్దుగ రాసిండో, కొన తిప్పి,
పెండ్లి కార్డు మీద లెక్క.

అందరు పండినంక
టర్పెంటైన్ డబ్బా, అమ్మ పాత జాకెట్ గుడ్డ,
గీకాల్సొస్తదని ఒక చాకు.

నలభై ఒకటి మీద గుడ్డ పెట్టిన్నో లేదో
ఊడొచ్చింది.
డబ్బా మూత తియ్యనేలే.
నలభై రెండూ అంతే. మాదీ అంతే.
పొద్దుగాల వేసిన రంగు
అర్ధరాత్రి దాక ఆరలే.

పాతికేండ్లు ఎండకు, వానకు నిలిచే బోర్డులు రాసిన చెయ్యి
నూనె ఎంత కలపాల్నో మర్చిపోతదా?

వెనక్కి తిరిగితే అరుగు మీద
బీడీ నిప్పు.
"అరవై దాక ఉన్నయి" అన్నడు నాయిన.
"యాభై ఏడో తలుపు గొళ్ళెం చప్పుడైతది. మెల్లగ."

తెల్లారి సార్ల ముంగట
మా అమ్మకు రెండు మాటల కంటే ఎక్కువ దొరికినయి.
వంతెన మీద బస్సు ఆపి మరీ విన్నరు జనం.
నేను కరెంటు బిల్లు వెనక
రాసుకుంట నిలబడ్డ,
కాయితం నిండ నా వేళ్ళ ఎరుపు.